కార్న్ స్నేక్ రంగులు: పైకి కనిపించేది, లోపల దాగేది

ఇళ్లలో పెంచుకునే కార్న్ స్నేక్ అనే పాముల అమ్మకాల్లో ఇప్పుడు గొడవంతా పైకి కనిపించే రంగు గురించి కాదు, కనిపించని దాని గురించి. "66 శాతం హెట్" అని రాసిన డబ్బాలో మామూలు నారింజ రంగు పాము పిల్లే ఉంటుంది, ధర మాత్రం మామూలుది కాదు. దానిలో ఫలానా జన్యువు దాగి ఉండటానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉందని ఆ మాటకు అర్థం. ఆ లెక్కకు ఆధారం చాలాసార్లు అమ్మేవాడి మాటే.

ఈ పాము అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. విషం లేదు. మన జెర్రిపోతు కుటుంబమే, కాకపోతే ఎలుకను చుట్టేసి బిగించి చంపుతుంది. నారింజ ఒంటి మీద నల్ల అంచున్న ఎర్ర మచ్చలు, పొట్ట మీద నలుపు తెలుపు గళ్లు. అడవిలోనే ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయి. సౌత్ కరోలినాలోని ఒకీటీ హంట్ క్లబ్ చుట్టుపక్కల పాములకు ఆ నల్ల అంచు బాగా మందం. స్టేటెన్ ఐలాండ్ జూలో పనిచేసిన కార్ల్ కాఫెల్డ్ రాతలతో ఒకీటీ పేరు పాములు పట్టేవాళ్లందరికీ తెలిసిపోయింది.

1953లో నార్త్ కరోలినాలో ఒక అల్బినో, అంటే ఒంట్లో నలుపు లేని, మగపాము దొరికింది. అది జార్జియా రాష్ట్రంలో ఉండే చర్మవ్యాధుల డాక్టర్ బెర్నార్డ్ బెక్టెల్ దగ్గరికి చేరింది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ సంగతి తెలిసిన మనిషి చేతిలో పడటం దాని అదృష్టమనే చెప్పాలి. మామూలు ఆడపాముతో జత కడితే పుట్టిన పిల్లలన్నీ మామూలువే. తర్వాతి తరంలో, 1961లో, అల్బినో పిల్లలు బయటపడ్డాయి. అంటే ఇది అంతర్గత లక్షణం: తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలు వస్తేనే పైకి కనిపిస్తుంది. బెక్టెల్ దంపతులు 1962లో దీన్ని శాస్త్రీయంగా ప్రచురించారు. ఒకే కాపీ మోస్తూ మామూలుగా కనిపించే పామునే పెంపకందారులు 'హెట్' అంటారు.

ఫ్లోరిడాలో ఎరుపు లేని, బూడిద నలుపు పాములు కూడా దొరికాయి. వాటిని అల్బినోలతో కలిపి తర్వాతి తరం తీస్తే, ఎరుపూ నలుపూ రెండూ లేని 'స్నో' వచ్చింది. రెండు జన్యువులనూ మోసే జంటకు పుట్టే పిల్లల్లో సగటున 16కి ఒకటే స్నో. పాము ఈడుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, మొదటి నుంచీ మొదలుపెట్టినవాడికి ఐదారేళ్లు పోతాయి. ఆ ఏళ్లు మిగిలించే హెట్ పిల్లకు ధర పలికింది అందుకే.

ల్యాబులు చాలా ఆలస్యంగా వచ్చాయి. అల్బినో రంగుకు కారణం ఓసీఏ2 జన్యువులో దూరిన ఒక డీఎన్ఏ ముక్క అని జెనీవా శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. మనుషుల్లో ఒక రకం అల్బినిజానికి కారణమూ ఈ జన్యువే. 'లావెండర్' రంగు వెనక ఉన్నది ఎల్‌వైఎస్‌టీ అనే జన్యువని 2020లో తెలిసింది.

అసలు తగువు సంకరాల దగ్గర వచ్చింది. అల్బినో కార్న్ స్నేక్‌ను గ్రేట్ ప్లెయిన్స్ ర్యాట్ స్నేక్‌తో కలిపి 'క్రీమ్‌సికిల్' తయారు చేశారు. అప్పటి వర్గీకరణలో ఆ రెండోది కార్న్ స్నేక్‌లోనే ఒక ఉపజాతి. 2002లో డీఎన్ఏ ఆధారంగా వాటిని వేర్వేరు జాతులుగా విడదీశారు. ఒకే జాతిలోని జత అనుకున్నది కాస్తా సంకరమైపోయింది! ఇందులో పెంపకందారులను తప్పుపట్టడం న్యాయం కాదు. 'అల్ట్రా' అనే రంగు జన్యువు విషయం వేరు. ఆ జన్యువు వేరే జాతి అయిన గ్రే ర్యాట్ స్నేక్ నుంచి వచ్చిందని పెంపకందారుల్లోనే ఎక్కువమంది నమ్ముతారు, అయినా కార్న్ స్నేక్ పేరుతోనే అమ్ముడవుతుంది. పొలుసుల్లేని రకం వెనక కూడా సంకరమే ఉంది. ఇలాంటివాటి మీద 'సంకరం' అని రాసి అమ్మడం కనీస బాధ్యత అని నా అభిప్రాయం.

రంగుతో పాటు జబ్బు కూడా దాగి వస్తుంది. 'సన్‌కిస్డ్' అనే రకంలో 'స్టార్‌గేజర్' అనే నరాల లోపం బయటపడింది. రెండు కాపీలున్న పిల్ల తల పైకెత్తి తిప్పుతూ, నిలకడగా పాకలేకపోతుంది. ఒకే కాపీ ఉన్న పాముకు ఏ ఇబ్బందీ కనిపించదు, అందుకే తెలియకుండానే చేతులు మారింది. ఇది తెలిశాక జాగ్రత్తపరులు అనుమానమున్న పామును, ఆ జన్యువు మోస్తున్నట్టు ముందే తేలిన పాముతో జతకట్టించి, పిల్లల్ని చూసి నిర్ధారించుకోవడం మొదలుపెట్టారు. విడిచిన కుబుసం పంపితే కొన్ని జన్యువులకు పరీక్ష చేసే ల్యాబులు ఇప్పుడు అమెరికాలో ఉన్నాయి. కానీ ఎన్నో తరాల కిందట కలిసిన వేరే జాతి రక్తాన్ని పాము రూపం చూసి పోల్చుకోవడం కష్టం. ఆ విషయంలో కొనేవాడికి ఇవాళ్టికీ ఆధారం పెంపకందారు రాసుకున్న వంశావళి చిట్టానే.