పదిహేడోసారి మాత్రం కుదరదు

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "తాతయ్యా, ఆటగాళ్ళు చెప్పిన నవ్వొచ్చే మాటలుంటే రాసి పంపవా" అని అడిగారు కదా. ఆ రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చూస్తే వాటిలో చాలామటుకు ఓడినవాళ్ళవీ, దెబ్బలు తిన్నవాళ్ళవీనే. అందుకే నాకవి అంత ఇష్టం.

ముందు విటాస్ జెరులైటిస్ సంగతి చెబుతాను. అమెరికా టెన్నిస్ ఆటగాడు. జిమ్మీ కానర్స్ చేతిలో వరుసగా 16 సార్లు ఓడిపోయాడు. పదహారంటే మాటలా! రెండుసార్లు ఓడితేనే మనకు రాకెట్ పట్టుకోబుద్ధి కాదు. 1980 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన మాస్టర్స్ పోటీలో, ఎట్టకేలకు కానర్స్‌ను గెలిచాడు. విలేకరుల ముందుకొచ్చి గంభీరంగా ఏమన్నాడో తెలుసా? "ఇది మీ అందరికీ గుణపాఠం కావాలి. విటాస్ జెరులైటిస్‌ను వరుసగా 17 సార్లు ఎవరూ ఓడించలేరు!"

ఆ మాట మళ్ళీ ఒకసారి చదవండి. ఓడిన లెక్కను దాచలేదు. తనే బయటపెట్టి, దాన్నే ఛాతీ విరుచుకుని చెప్పుకునే గొప్పగా మార్చేశాడు. పక్కవాణ్ణి చిన్నబుచ్చి నవ్వించడం ఎవరైనా చేస్తారు. ఇలా నవ్వించాలంటే గుండె దిటవు కావాలి.

బేస్‌బాల్‌లో యోగి బెర్రా అని ఒకాయన ఉండేవాడు. ఆటగాడిగా 10 వరల్డ్ సిరీస్‌లు, అంటే అమెరికా బేస్‌బాల్‌లో ఏటా విజేతను తేల్చే చివరి పోటీలు, గెలిచినవాడు. జనం మాత్రం ఆయన ఆటకన్నా మాటలే ఎక్కువ తలుచుకుంటారు. ఇంటికి దారి చెబుతూ "రోడ్డు రెండుగా చీలిన చోట, ఆ దారి పట్టుకో" అన్నాడట. ఏ దారి అని చెప్పకపోతే ఎలా? కానీ ఆ రెండు దారులూ ఆయన ఇంటికే చేరతాయి! మాట తికమకే గానీ, దారి మాత్రం సరైనదే. పోను పోను నవ్వొచ్చే ప్రతి మాటనూ జనం ఆయన పేరుకే అంటగట్టారు. దానికీ ఆయనే జవాబు చెప్పాడు: "నేనన్నవన్నీ నిజంగా నేనన్నవి కావు." మీకు ఎక్కడైనా పెద్ద ఆటగాడి ఫొటో కింద ఓ చమత్కారం కనిపిస్తే, నమ్మేముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

మన గవాస్కర్‌దీ ఒకటుంది, చిన్నదే. 1974లో మాంచెస్టర్‌లో టెస్టు ఆడుతుంటే జుట్టు పదే పదే కళ్ళలో పడుతోంది. అంపైర్ డికీ బర్డ్‌ను అడిగితే, ఆయన మైదానం మధ్యలోనే ఆ జుట్టు కత్తిరించేశాడు. ఆ టెస్టులో గవాస్కర్ సెంచరీ కూడా కొట్టాడు.

ఇప్పుడు స్టీవెన్ బ్రాడ్‌బరీ. ఆస్ట్రేలియావాడు, మంచు మీద స్కేటింగ్ పందేలు ఆడేవాడు. 2002 వింటర్ ఒలింపిక్స్‌లో 1000 మీటర్ల ఫైనల్‌కు వచ్చాడు. మిగతా నలుగురూ తనకన్నా వేగం గలవాళ్ళని అతనికి తెలుసు. అందుకే వాళ్ళ తోపులాటలో ఇరుక్కోకుండా వెనకే ఉన్నాడు. చివరి మలుపులో ఆ నలుగురూ ఒకరికొకరు తగులుకుని పడిపోయారు. వెనకున్న బ్రాడ్‌బరీ నిలబడే గీత దాటాడు. బంగారు పతకం! అనుకోని గెలుపును ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అతని పేరుతోనే చెబుతారు.

ప్రపంచమంతా నవ్వింది. అతనూ నవ్వాడు. కానీ అంతకుముందు 1994లో ఒక పందెంలో స్కేటు అంచు తొడలో దిగి 111 కుట్లు పడ్డాయి, 2000లో మెడ ఎముక విరిగింది. అందుకే అతనన్నాడు, ఈ పతకం తీసుకుంటున్నది ఆ నిమిషంన్నర పరుగుకు కాదు, పదేళ్ళు పడ్డ కష్టానికి అని. ఆ కథ ఎవరైనా వెటకారంగా చెబితే నాకు మనసొప్పదు.

చివరికి దాచిపెట్టినది షిజో కనకురి కథ. 1912లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో జరిగిన ఒలింపిక్స్‌కు జపాన్ నుంచి ఓడలోనూ రైల్లోనూ ఎన్నో రోజులు ప్రయాణం చేసి వెళ్ళాడు. మారథాన్ నాడు ఎండ మండిపోయింది. సగం దాటాక సొమ్మసిల్లిపోతే, దారిలో ఒక కుటుంబం చేరదీసి సేదదీర్చింది. పరుగు పూర్తి చేయలేకపోయానన్న సిగ్గుతో నిర్వాహకులకు చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. స్వీడన్‌వాళ్ళ లెక్కలో మనిషి తప్పిపోయినట్టే మిగిలిపోయాడు. ఆయనేమో ఆ తర్వాత రెండు ఒలింపిక్స్‌లో పరుగెత్తాడు కూడా!

1967లో స్వీడన్‌వాళ్ళు ఆయన్ను పిలిచి, ఆగిపోయిన పరుగు పూర్తి చేయమన్నారు. అప్పటికి ఆయన వయసు 75. వెళ్ళి గీత దాటాడు. ఆయనకు పట్టిన సమయాన్ని పద్ధతి ప్రకారం ప్రకటించారు: 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. యాభై నాలుగేళ్ళు గడిచినా సెకనులో ఆ పదో వంతులను కూడా వదల్లేదు చూడండి. పెద్దాయన్ను ఏడిపించడానికి కాదు, నీ పరుగు మాకింకా లెక్కలోనే ఉందని చెప్పడానికి అలా లెక్కగట్టారని నాకనిపిస్తుంది. అది తలుచుకుంటే నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళూ తిరుగుతాయి.

అప్పుడు కనకురి అన్నాడు: "చాలా దూరం వచ్చాను. దారిలో పెళ్ళి చేసుకున్నాను, ఆరుగురు పిల్లల్ని, పదిమంది మనవల్ని కన్నాను."

మీ
తాతయ్య