నిన్న జ్వరం, ఇవాళ టైఫాయిడ్ పాజిటివ్: ఇన్ఫెక్షన్ల మీద అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే గుంటూరు కొత్తపేటలో ఏ ఓపీ చూసినా జ్వరాలే. అక్కడ నేను తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: "నిన్న జ్వరం వచ్చింది సార్, ఇవాళ టెస్ట్ చేయిస్తే టైఫాయిడ్ తేలింది."

వాస్తవం: ఆ టెస్ట్ పేరు వైడాల్, 1896 నాటిది. అది క్రిమిని వెతకదు, క్రిమి మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. కొత్త క్రిమి వస్తే అవి టెస్టుకు అందేంతగా తయారవడానికి దాదాపు వారం పడుతుంది, అప్పటిదాకా నెట్టుకొచ్చేది ఏ క్రిమి అని చూడకుండా మీదపడే తెల్ల రక్తకణాలే. మరి ఒక్కరోజు జ్వరానికే రిపోర్టులో 1:160 (అంటే రక్తాన్ని 160 రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు కనబడటం) ఎలా వచ్చింది? పాత ఇన్ఫెక్షన్‌వో, టీకావో మిగిలి ఉంటాయి. మన దగ్గర ఏ జబ్బూ లేనివాళ్ళకీ అలా వస్తుంటుంది. మొదటి వారంలో తేల్చాలంటే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, చేయాలి, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే. ఖర్చెక్కువ, రిపోర్టుకి రోజులు పడుతుంది, కాబట్టి చాలామంది వద్దంటారు. ఆ వైడాల్ కాగితం పట్టుకుని మాత్రం సెలైన్లు ఎక్కించుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

(డెంగీకి మొదటి రోజుల్లో ఎన్‌ఎస్1 టెస్ట్ రాసేది ఇందుకే. అది వెతికేది వైరస్ సొంత ప్రోటీన్‌ని, యాంటీబాడీల కోసం ఆగక్కర్లేదు.)

అపోహ: "కఫం పచ్చగా పడుతోంది, యాంటీబయాటిక్ రాయండి."

వాస్తవం: ఆ పచ్చరంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది. మామూలు వైరస్ జలుబులోనూ వస్తుంది, వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. ఆయాసమో, తగ్గని జ్వరమో ఉంటే అది వేరే సంగతి, వచ్చి చూపించుకోండి.

అపోహ: "డెంగీ ఒకసారి వచ్చిపోయింది, ఇక భయం లేదు."

వాస్తవం: డెంగీ వైరస్ 4 రకాలు. వచ్చిన రకం మళ్ళీ రాకపోవచ్చు గానీ, ఇంకో రకం వస్తే పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయే తప్ప చంపలేవు, పైగా అది కణాల్లోకి దూరడానికి దారి ఇస్తాయి. రెండోసారి ప్రమాదం ఎక్కువని మేం టెన్షన్ పడేది అందుకే.

అపోహ: "కుక్క కరిచినచోట కారం పెట్టాం, సూది ఒకటి వేయించాం, సరిపోదా?"

వాస్తవం: మిర్చి ఊరు కదా అని గాయానికి కూడా కారమేనా! సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగండి. రేబిస్ టీకా వేశాక కూడా యాంటీబాడీలు రావడానికి వారం పైనే పడుతుంది, రక్తం వచ్చేలా కరిస్తే ఆలోగా కాపాడటానికి తయారు యాంటీబాడీలను, అంటే ఇమ్యునోగ్లోబులిన్‌ని, గాయం చుట్టూ ఎక్కిస్తారు. మొదటి డోసు పడి 7 రోజులు దాటాక అది వేయరు, అప్పటికి సొంతవి మొదలవుతాయి కాబట్టి. మిగతా డోసులు మాత్రం మానొద్దు. ఇదివరకే కోర్సు పూర్తిగా వేయించుకున్నవాళ్ళకి ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు, మళ్ళీ కరిస్తే 0, 3 రోజుల్లో (మొదటి డోసు వేసిన రోజే 0) రెండు డోసులు చాలు, కాబట్టి పాత చీటీ పారేయకండి.