బొమ్మ అథీనా, బొరుసు గుడ్లగూబ

ప్రాచీన గ్రీసులో ఏథెన్స్ నగరం ముద్రించిన నాలుగు ద్రాక్మాల (ద్రాక్మా అంటే అక్కడి డబ్బు లెక్క) వెండి నాణెం వెడల్పు 24 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. తూకం మాత్రం 17.2 గ్రాములు, పాత లెక్కలో దాదాపు తులమున్నర. వెండి దగ్గర్లోని లారియన్ గనులది. జనం దాన్ని ముద్దుగా ‘గుడ్లగూబ’ అనే పిలిచేవారు.

బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న నగరదేవత అథీనా. బొరుసు వైపు ఆమె పక్షి: ఒళ్లు పక్కకి తిరిగి ఉన్నా రెండు కళ్లూ నేరుగా మనల్నే చూస్తాయి. వెనక ఆలివ్ కొమ్మ, చిన్న నెలవంక, ముందు ‘అథే’ అనే మూడు గ్రీకు అక్షరాలు, అంటే ఏథెన్స్‌వాళ్లది అని. ఆలివ్ చెట్టు ఆ నగరానికి అథీనా ఇచ్చిన వరమని వాళ్ల నమ్మకం. పర్షియన్లను ఓడించిన క్రీ.పూ. 479 తర్వాత దేవత శిరస్త్రాణం మీద కూడా మూడు ఆలివ్ ఆకులు చేరాయి. మనం అపశకునం అనుకునే పిట్ట అక్కడ అమ్మవారి గుర్తు. శాస్త్రవేత్తలు ఆ జాతికి పెట్టిన పేరు అథీనీ నాక్టువా; మన చెట్టుతొర్రల్లో కనబడే చుక్కల చిన్న గుడ్లగూబ అథీనీ బ్రామా. రెండిటిదీ ఒకే ప్రజాతి.

అథీనా అచ్చును దాగలిలో బిగించేవారు. తూకం సరిచూసిన వెండి బిళ్లను దానిమీద పెట్టి, గుడ్లగూబ చెక్కిన పై అచ్చును ఆనించి సమ్మెటతో కొట్టేవారు. గుడ్లగూబ చుట్టూ కనిపించే చతురస్రపు పల్లం ఆ పై అచ్చు అంచే. దెబ్బ నేరుగా తగిలేది దానికే కాబట్టి అది ముందు పాడయ్యేది. బిళ్ల మందం ఎక్కువ, వెడల్పు తక్కువ. అందుకే చాలా నాణేల్లో అథీనా శిరస్త్రాణం మీది తురాయి సగం తెగిపోయి ఉంటుంది.

శిల్పకళ ఎంత ముందుకు పోయినా క్రీ.పూ. 5వ శతాబ్దమంతా అథీనా కన్ను పాతపద్ధతిలోనే ఉండిపోయింది: ముఖం పక్కకి, కన్ను బాదంగింజలా ఎదురుగా. అలవాటైన ముఖం మారితే దూరదేశపు వర్తకుడు అనుమానిస్తాడు. పాతదనాన్ని అలా పట్టుకుని ఉండటం మంచి వ్యాపారబుద్ధి అనే నా అభిప్రాయం.

ఎంత నమ్మకమున్నా గుడ్లగూబ తలమీదో అథీనా చెంపమీదో ఉలిగాటు పడ్డ నాణేలు బోలెడు దొరికాయి. లోపల రాగి పెట్టి పైన వెండిరేకు తొడిగిన దొంగనాణేల భయం అది. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, వెండిది 10.49, అదే సైజులో ఉంటే రాగిది తేలిపోతుంది, త్రాసు పట్టేస్తుంది. సీసం 11.34, వెండికన్నా బరువు. దాన్ని రాగితో తగిన పాళ్లలో కలిపి వాడితే త్రాసు కూడా మోసపోతుంది. పైపై గీత చాలదు, గాటు రేకును దాటి లోపలికి దిగాలి.

క్రీ.పూ. 375లో నికోఫోన్ తెచ్చిన చట్టం చెక్కిన రాయి 1970లో ఏథెన్స్ అగోరాలో, అంటే పాత సంతమైదానంలో, బయటపడింది. దాని ప్రకారం సంతలో నాణేలు పరీక్షించే పని నగరానికి చెందిన ఒక బానిసది. అతను విధికి రాకపోతే యాభై కొరడాదెబ్బలు. అతను మంచిదన్న నాణెం తీసుకోనన్న వర్తకుడికి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకంతా జప్తు. లోపల కంచో సీసమో తేలితే ఆ నాణేన్ని అక్కడికక్కడే అడ్డంగా నరకాలి. నరికిన ఆ ముక్కలు దేవతల తల్లికి చెందుతాయి. వాటిని నగరసభలో జమచేయాలి.