సైన్సు క్లాసులో పిల్లల మాట: మీడియం వాదాల వెనుక వందేళ్ల కథ

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలకు సైన్సు ఏ భాషలో చెప్పాలన్న వాదం చాలా దేశాల్లో తెగకుండా సాగుతోంది. ఒక ప్రభుత్వం ఒక మీడియం తెస్తుంది, తర్వాతిది దాన్ని తిరగేస్తుంది. మీడియం ఏదైనా క్లాసులో ఎక్కువ సేపు మాట్లాడేది టీచరే. పిల్లల వంతుకు దక్కేది ఒకటి రెండు పదాలు. వార్తల్లోకి వచ్చేది మొదటి వాదం. పిల్లల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపేది రెండో సంగతి. రెండూ చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి.

రెండు భాషల పిల్లల మీద అనుమానం పాతది. 1923లో బ్రిటన్‌లోని వేల్స్‌లో డి.జె. సేర్ అనే పరిశోధకుడు సుమారు 1,400 మంది పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టాడు. పల్లెల్లో వెల్ష్, ఇంగ్లిష్ రెండూ మాట్లాడే పిల్లలు ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లకన్నా వెనకబడ్డారు. రెండు భాషలు బుర్రను గందరగోళం చేస్తాయన్న నమ్మకానికి ఇది ఊతమిచ్చింది. పట్నం పిల్లల్లో ఆ తేడా కనబడలేదన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ పదేళ్ల పిల్లలను పరీక్షించారు. ఈసారి కుటుంబాల ఆర్థిక స్థితి కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఫలితం తిరగబడింది, రెండు భాషల పిల్లలే ముందున్నారు. రెండు భాషలూ సమానంగా వచ్చినవాళ్లనే ఎంచుకున్నారన్న విమర్శ దాని మీదా ఉంది.

కోర్టులు, ఎన్నికలు తర్వాత రంగంలోకి వచ్చాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన కేసులో 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. పాఠం అర్థం కాని పిల్లలకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే టీచరు, అదే సిలబస్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని. ఏ భాషలో, ఎలా చెప్పాలో మాత్రం కోర్టు చెప్పలేదు. ఆ ఊరున్న కాలిఫోర్నియా రాష్ట్రంలోనే 1998లో ఓటర్లు ద్విభాషా బోధనను చాలావరకు ఆపేశారు, 2016లో మళ్లీ తలుపు తెరిచారు. మలేసియా 2003లో సైన్సు, గణితం ఇంగ్లిష్‌కు మార్చి, 2012 నుంచి వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. హాంకాంగ్ 1998లో ఎక్కువ హైస్కూళ్లను చైనీస్ మీడియానికి మళ్లించింది. అక్కడ జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఇంగ్లిష్ మీడియం పిల్లలకు భాషల్లో లాభం కనిపించింది. సైన్సు, చరిత్ర, భూగోళంలో మాత్రం గట్టి దెబ్బ తగిలింది. గణితం మీద ప్రభావం స్వల్పం. వివరణలు, కారణాలు మాటల్లో చెప్పాల్సిన సబ్జెక్టులే దెబ్బతిన్నాయన్నది గమనించాలి.

ఇక రెండో దారి, క్లాసులో ఎవరు ఎంత మాట్లాడతారన్నది. 1970ల్లో పరిశోధకులు టేపురికార్డర్లతో క్లాసుల్లో కూర్చున్నప్పుడు ఒకే నమూనా పదేపదే దొరికింది.

“నీరు ఆవిరిగా మారడాన్ని ఏమంటారు?”
“బాష్పీభవనం.”
“గుడ్. తర్వాత?”

టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు తీర్పివ్వడం. బర్మింగ్‌హామ్‌లో సింక్లెయిర్, కోల్‌తార్డ్ 1975లో, శాన్ డియేగో క్లాసు ఆధారంగా హ్యూ మీహాన్ 1979లో ఈ మూడు మెట్ల సంభాషణను వివరంగా నమోదు చేశారు. పునశ్చరణకు ఇది పనికొస్తుంది, తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ బడి భాష సరిగా రాని పిల్లవాడికి ఇదొక మంచి చాటు. ఒక్క పదం అప్పజెప్పి కూర్చోవచ్చు. గాలి వీస్తే తడిబట్ట ఎందుకు త్వరగా ఆరుతుందో వాడికి తెలుసో తెలియదో బయటపడదు. టీచరు మాత్రం పాఠం అర్థమైందని ముందుకు వెళ్తారు.

దీనికి తోడు టైము. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1974లో ప్రచురించిన పరిశీలనల ప్రకారం, సైన్సు టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. జవాబు విన్నాక అంతసేపు కూడా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, కారణాలు చెప్పేవాళ్లు పెరిగారు, పిల్లలే ప్రశ్నలు వేశారు. రెండో భాషలో విని, ఇంటి భాషలో ఆలోచించి, మళ్లీ రెండో భాషలో వాక్యం కట్టాల్సిన పిల్లవాడికి ఆ ఒక్క సెకనులో ఏం సాధ్యం? వాడు నోరు తెరిచేలోపు ముందు బెంచీ నుంచి జవాబు వచ్చేస్తుంది. పిల్లవాడు జవాబు చెప్పాక ఆగడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే “అంటే...” అని పొడిగించేది ఆ నిశ్శబ్దంలోనే.

రెండు దారులనూ కలిపినవాళ్లలో కెనడాకు చెందిన భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఒకరు. ఆటస్థలంలో పనికొచ్చే భాష సుమారు రెండేళ్లలో వస్తుందని, చదువు భాష తోటివారి స్థాయికి రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని 1981లో టొరంటో లెక్కలతో చూపించాడు. బాగా మాట్లాడుతున్నాడు కదా అని రెండో ఏట భాషా సాయం ఆపేస్తే సైన్సులో చతికిలబడేది అందుకే. 1990లో జే లెమ్కీ అనే పరిశోధకుడు ఇంకో ముడి విప్పాడు: సైన్సు నేర్చుకోవడమంటే పారిభాషిక పదాల జాబితా కాదు, వాటి మధ్య సంబంధాలను మాటల్లో పెట్టడం. “ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చక్కెర కరగడానికి పట్టే సమయం తగ్గుతుంది” అన్న వాక్యంలో ఉష్ణోగ్రతకు అర్థం పుస్తకం వెనక దొరుకుతుంది. “కొద్దీ” దొరకదు. పిల్లలు తడబడేది అక్కడే.

ఇంటి భాషకు క్లాసులో చోటిస్తే ఏమవుతుందో చూపిన ప్రయత్నం చెచె కొన్నెన్. హైతీ ప్రజల భాష క్రియోల్‌లో ఆ మాటకు జ్ఞానాన్వేషణ అని అర్థం. 1980ల చివర అమెరికాలోని మసాచుసెట్స్‌లో యాన్ రోజ్‌బరీ, బెత్ వారెన్ తదితరులు టీచర్లతో కలిసి మొదలుపెట్టారు. ఏడు, ఎనిమిది తరగతులు చదివే, హైతీ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు తమ బడిలో మూడో అంతస్తు కుళాయి నీళ్లే బాగుంటాయని గట్టిగా నమ్మేవాళ్లు. ఏ కుళాయిదో చెప్పకుండా రుచి చూపిస్తే, మూడింట రెండొంతుల మంది మొదటి అంతస్తు నీళ్లకు ఓటేశారు. పిల్లలు నమ్మలేదు. చిన్నపిల్లలు చొంగ కార్చే కుళాయి అది, ఎలా బాగుంటుందని వాదించారు. ఎక్కువ మందితో మళ్లీ చేశారు. ఒకరి ఓటు చూసి మరొకరు వేయకుండా ఏం చేయాలో తామే చర్చించుకున్నారు. మూడో అంతస్తే ఇష్టమన్నవాళ్లు 88 శాతం, నిజంగా మొదటి అంతస్తు నీళ్లు ఎంచుకున్నవాళ్లు 55 శాతం. నీళ్లను పరీక్షిస్తే మొదటి అంతస్తు కుళాయిలోనే బాక్టీరియా ఎక్కువ. కానీ ఆ నీళ్లు మిగతా కుళాయిల కంటే 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లన. ఫిబ్రవరి చలికి భూమిలోని గొట్టాల్లో చల్లబడిన నీరు, పైకి ఎక్కేకొద్దీ వేడెక్కుతోందని తేల్చారు.

ఇక్కడ భాష చేసిన పని గమనించండి. “నీ ఓటు చెల్లదు, ముందే చూశావు” అని తోటివాణ్ని పట్టుకోవాలంటే భాష నోటికి ఆడాలి. నియంత్రణ, పక్షపాతం అన్న మాటలు రాకముందే ఆ భావనలు వచ్చేశాయి. హైతీ పిల్లలు సైన్సు క్లాసులో నోరు విప్పరన్న పేరు ఉండేది. వాళ్ల సమాజంలో సరదాగా, పట్టుదలగా సాగే ‘బే ఒద్యాన్స్’ అనే వాదన పద్ధతి సైన్సు వాదనకు ఎంత దగ్గరో పరిశోధకురాలు జోజియాన్ హుడికోర్-బార్న్స్ 2003లో చూపింది.

అయితే ఇంటి భాషలో చర్చ పెడితే చాలనుకుంటే పొరపాటు. దక్షిణాఫ్రికాలో భాష రక్తపాతం దాకా వెళ్లిన విషయం. అప్పటి తెల్లవాళ్ల ప్రభుత్వం 1974లో ఇచ్చిన ఉత్తర్వు నల్లజాతి పిల్లలకు సైన్సును ఇంగ్లిష్‌లో, గణితాన్ని పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో చెప్పమంది. 1976లో సోవెటోలో జరిగిన విద్యార్థుల తిరుగుబాటుకు అదే నిప్పురవ్వ. 1997లో కొత్త భాషా విధానం, వెంటనే గ్రూపు చర్చలను ప్రోత్సహించే పాఠ్యప్రణాళిక వచ్చాయి. సెటాటి, ఆడ్లర్ అనే పరిశోధకుల బృందం క్లాసులు చూసి 2002లో రాసిన దాని సారం ఇది: ఇంటి భాష నుంచి ఇంగ్లిష్‌కు, నోటి మాట నుంచి రాతకు, మామూలు మాట నుంచి సైన్సు మాటకు సాగాల్సిన ప్రయాణం చాలా క్లాసుల్లో సగంలోనే ఆగిపోతోంది. చర్చ జోరుగా సాగుతుంది, గంట మోగుతుంది. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లో, రాతలో.

ప్రయాణం పూర్తి కావాలంటే పీరియడ్‌ను వెనక నుంచి లెక్కేసుకోవాలి. 45 నిమిషాల్లో చివరి 15 రాతకు కేటాయించాల్సిందే. చక్కెర ప్రయోగమే తీసుకుంటే: చల్లటి, గోరువెచ్చటి, వేడి నీళ్లు 100 మిల్లీలీటర్ల చొప్పున, ఒక్కో బీకరులో 5 గ్రాముల చక్కెర. ముందు ఎవరికి వారు అంచనా రాసుకోవాలి, ఏ భాషలోనైనా సరే. తర్వాత గ్రూపులో ఇంటి భాషలో వాదన. ఒకడు వేడి బీకరును ఎక్కువ కలుపుతాడు, ఇంకొకడు ఆ తప్పు పట్టుకుంటాడు. టీచరు అక్కడ జోక్యం చేసుకోకపోవడమే మంచిది. పట్టిక శీర్షికలు బడి భాషలో ఉండాలి. చివర్లో “...కొద్దీ ...”, “ఎందుకంటే...” లాంటి వాక్యపు ఎత్తుగడలు బోర్డు మీద పెట్టి, అనుకున్నదాన్ని బడి భాషలో రెండు మూడు వాక్యాలుగా మొదట పక్కవాడికి చెప్పించి, ఆ తర్వాత రాయించాలి.

వేల్స్‌లో కెన్ విలియమ్స్ 1994లో ‘ట్రాసియేథీ’ అని పేరుపెట్టిన పద్ధతి ఇలాంటిదే: ఒక భాషలో చదివి, మరో భాషలో చెప్పడం లేదా రాయడం. ప్రతి వాక్యాన్నీ టీచరే అనువదిస్తూ పోవడం దీనికి పూర్తి విరుద్ధం. అనువాదం ఎలాగూ వస్తుందని తెలిసిన పిల్లలు కష్టమైన భాషను వినడం మానేస్తారు.

ప్రభుత్వాలు ఇప్పుడు రెండు భాషల వైపు మొగ్గుతున్నాయి. భారత జాతీయ విద్యావిధానం 2020లో సైన్సు, గణితానికి ద్విభాషా పుస్తకాలు కావాలంది. దక్షిణాఫ్రికా 2025లో నాలుగో తరగతి నుంచి మాతృభాష ఆధారిత ద్విభాషా బోధన మొదలుపెట్టింది. ఇక్కడ ఒక చిక్కు ముందే చూసుకోవాలి. ఇంటి భాషను మాట్లాడడమే తప్ప అందులో సైన్సు ఎన్నడూ చదవని పిల్లవాడికి, రెండు భాషల ప్రశ్నపత్రంలో రెండో పక్క పేజీ ఏ సాయమూ చేయదు. పుస్తకం రెండు భాషల్లో వచ్చిన ఏడాదే పరీక్ష కూడా మార్చి ఫలితాలు చూసి పెదవి విరిస్తే, తప్పు పద్ధతిది కాదు, తొందరది.