క్లాసిక్ కార్లు: నలుగురూ చెప్పే మాటలు, బోనెట్ కింద నిజాలు

పాత కారు ఎక్కడ ఆగినా చుట్టూ నలుగురు మూగుతారు. వాళ్ళలో ఒకరైనా మడ్‌గార్డు మీద వేలితో కొట్టి చూసి "అప్పటి రేకే వేరండీ" అంటారు. పాత బళ్ళు విప్పి బాగుచేయడమే నా పని కాబట్టి ఇలాంటి మాటలు తరచూ చెవిన పడుతుంటాయి. కొన్నింటికి నవ్వి ఊరుకోవచ్చు. కొన్ని మాత్రం బండిని పాడుచేస్తాయి, ఒకటి రెండు ప్రాణం మీదికే తెస్తాయి.

అపోహ: అప్పటి కార్లు గట్టివి, గుద్దుకున్నా ఏమీ కాదు

రేకు మందమే, ఒప్పుకుంటాను. చిన్నాచితకా దెబ్బకు సొట్ట పడదు. కానీ పెద్ద గుద్దు తగిలినప్పుడు ఆ విసురు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. ఇప్పటి కార్ల ముందు భాగాన్ని కావాలనే నలిగిపోయేలా కడతారు. అది నలుగుతూ దెబ్బను మింగేస్తుంది, మనుషులు కూర్చునే చోటు నిలబడుతుంది. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేనీ ఆలోచన ఇది. 1959లో వచ్చిన డబ్ల్యూ111 మోడల్‌తో రోడ్డెక్కింది. అంతకుముందు కార్లలో దెబ్బ తిన్నగా లోపలికే వచ్చేది. పైగా చాలా బళ్ళలో స్టీరింగ్ కాలమ్ ముడుచుకోని నిడుపాటి కడ్డీ. ముందు భాగం వెనక్కి నెట్టుకొస్తే ఆ కడ్డీ డ్రైవర్ ఛాతీ మీదికే వచ్చేది.

2009లో అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ సంస్థ 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 షెవర్లే మాలిబూనూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. బెల్ ఎయిర్‌లో డ్రైవర్ కూర్చునే జాగా దాదాపు మిగల్లేదు. అందులో మనిషి ఉంటే బతకడని తేల్చారు. మాలిబూలో మాత్రం మనిషి బదులు కూర్చోబెట్టిన బొమ్మకు కాలి దెబ్బతో సరిపోయింది. వీడియో చూసి పాత కార్ల అభిమానులు "ఇంజన్ తీసేసి గుద్దించారు" అని గోల పెట్టారు. ఇంజన్ ఉంది, ఆరు సిలిండర్లది.

పాత కార్లన్నీ బరువైనవి అనడం కూడా సరికాదు. 1959 మినీ 600 కిలోల పైచిలుకు, అంతే. ఇప్పటి మామూలు హ్యాచ్‌బ్యాకుల్లో చాలావాటి పక్కన అది పిల్లబండి. అదే ఏడాది వోల్వోలో నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు చోట్ల బిగించే సీటు బెల్టు వచ్చింది. "బెల్టులు పెడితే ఒరిజినాలిటీ పోతుంది" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా ఓటు బెల్టుకే, కాకపోతే ఛాసిస్‌లో గట్టి చోటు చూసి ప్లేటు వేసి బిగించాలి. పలచటి ఫ్లోర్ రేకుకు బోల్టు కొడితే ఉన్నా లేనట్టే.

అపోహ: నడపకుండా కవరు కప్పి ఉంచితే బండి చెక్కుచెదరదు

నా దగ్గరికొచ్చే బళ్ళలో తిరిగి తిరిగి అరిగినవాటి కంటే నిలబడి చెడినవే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆగిన కారుకు నేను మొదట విప్పేది ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె, ఫ్లోట్ చాంబర్. మూత తీయగానే పెట్రోలు వాసన రాదు, పాత వార్నిష్ లాంటి ఘాటు కొడుతుంది. అడుగున తేనెరంగు జిగురు పేరుకుని ఉంటుంది, పెట్రోలు చిమ్మే జెట్ రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. దాన్ని వైరు పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇక ఇంజన్ జన్మలో సరిగ్గా నడవదు. ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టడమే పద్ధతి.

తరవాత బ్రేకులు. మామూలు బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ప్రమాణం 140కి దిగిపోతుంది. ఆ తేమే, ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల తుప్పు మచ్చలు పెడుతుంది. పెడల్ నొక్కినప్పుడు రబ్బరు వాషర్లు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతాయి. షెడ్డులో పెడల్ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, మొదటి వాలులో మెల్లగా నేలకు దిగిపోతుంది. టైర్లకు గాట్లు ఉన్నాయి కదా అని మురిసిపోకండి, రబ్బరుకు వయసు వేరే లెక్క. 2000 నుంచి టైరు పక్కన చివర నాలుగంకెలు ముద్రిస్తున్నారు. 2315 అని ఉంటే 2015లో 23వ వారం. మూడే అంకెలుంటే అది పోయిన శతాబ్దపు టైరు, మారు మాట లేకుండా మార్చేయాలి.

ఇక్కడే ఇంకో అలవాటు గురించి చెప్పాలి. వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తుంటారు, బండిని బాగా చూసుకుంటున్నామనే నమ్మకంతో. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది, ఆవిరి రూపంలో. ఇంజన్, సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకు వేడెక్కవు. నీరు సైలెన్సర్‌లోనే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది, కొంత ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ మూత కింద మీగడలా తేలుతుంది. నెలకోసారైనా పర్లేదు, అరగంట రోడ్డు మీద తిప్పండి. అది కుదరకపోతే అసలు స్టార్ట్ చేయకండి.

అపోహ: సీసం లేని పెట్రోలు పోస్తే ఇంజన్ పోతుంది

సగం నిజం. ఇంజన్‌లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకలాడే నాకింగ్‌ను తగ్గించడానికి పెట్రోలులో సీసం కలపవచ్చని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్లీ కనిపెట్టాడు. ఆ సీసం వాల్వ్‌లు వచ్చి ఆనే అంచుల (వాల్వ్ సీట్ల) మీద పలచటి పూతలా కూర్చుని వాటిని కాపాడేది. అది లేకపోతే మెత్తటి పోత ఇనుము హెడ్‌లలో (ఇంజన్ పై భాగం) ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు క్రమంగా అరుగుతుంది. అయితే గంటల తరబడి హైస్పీడులో తోలితేనే ఈ బాధ ఎక్కువ. సెలవు రోజున తీరుబడిగా తిరిగే బండికి ఏళ్ళ తరబడి ఏమీ కాకపోవచ్చు. హెడ్ ఎలాగూ విప్పిన రోజున గట్టి సీట్లు వేయిస్తే టెన్షన్ తీరిపోతుంది. అల్యూమినియం హెడ్ అయితే అందులో సీట్లు విడిగా వేసినవే.

సీసం కోసం బెంగపడేవాళ్ళు దాని విషం సంగతి మరిచిపోతారు. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో ప్రపంచంలో కార్లకు ఆ పెట్రోలు అమ్మే దేశం లేకుండా పోయింది. ఇప్పుడు పాత బండికి అసలు తలనొప్పి పెట్రోలులో కలిపే ఇథనాల్. పాత రబ్బరు పైపులను ఉబ్బించి పగలగొడుతుంది, తేమ లాగి ట్యాంకు అడుగున నీళ్ళు చేరుస్తుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత బండి కొనగానే ముందు ఫ్యూయల్ పైపులు మార్చండి, రంగు సంగతి తరవాత.

అపోహ: మొదటి కారు ఫోర్డ్‌ది, అదీ నలుపే

కార్ల్ బెంజ్ పేటెంట్ వేసింది 1886లో. రెండేళ్ళ తరవాత ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులనూ తీసుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైనే నడిపింది. దారిలో ఇంధనం మందుల షాపులో కొంది, మూసుకుపోయిన పైపును టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. నన్నడిగితే మా వృత్తికి ఆద్యురాలు ఆవిడే. ఇక 1908 నాటి ఫోర్డ్ మోడల్ టి మొదట్లో ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగుల్లో దొరికేది. నలుపు ఒక్కటే అన్న కాలం 1914 నుంచి 1925 దాకా.

అపోహ: అప్పట్లో టెక్నాలజీ ఎక్కడిది?

గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొట్టమొదటి కారు కరెంటుది, 1899లో, కామీ జెనాట్సీ నడిపాడు. 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది. తలుపులు పైకి తెరుచుకునేది సోకు కోసమే అనుకుంటారు గానీ, గొట్టాల ఫ్రేము పక్కల అంత ఎత్తు లేవడంతో మామూలు తలుపు పెట్టే వీల్లేదు. 1955 సిట్రోయెన్ డిఎస్ మరీ విడ్డూరం. స్ప్రింగుల బదులు గ్యాసు, నూనె. 1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద కాల్పులు జరిగినప్పుడు టైర్లు పంక్చరయినా ఆ కారు ఆయన్ని బయటపడేసింది.

అపోహ: పాతదైతే చాలు ధర, మెరిస్తే ఇంకా ధర

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి, 2003 దాకా. వయసు ఒక్కదానికే విలువ రాదు. ఎన్ని మిగిలాయి, ఇంజన్ నంబరు రికార్డుతో కలుస్తుందా, ఎంత భాగం అసలుది అన్నవి చూస్తారు. ఫ్యాక్టరీ రంగు వెలిసినా, గీతలు పడినా సరే, కొత్త పెయింటు కొట్టిన బండి కంటే అదే నాకు ముద్దు. ఒకసారి గీకేస్తే ఆ రంగు మళ్ళీ రాదు.

మెరుపు వెనక ఏముందో తెలియాలంటే చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల వంపు, డిక్కీ మూలల వెంట జరపండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. అల్యూమినియం బాడీకి అయస్కాంతం ఎలాగూ అంటుకోదు. అప్పుడు కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడాలి, ఎత్తనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయాలి.