తెల్లవారుజామున పశువుల షెడ్డులో కళ్లెందుకు మండుతాయి?

"కొత్తగా సిమెంటు నేల వేయించి షెడ్డు కట్టుకున్నాం. రోజూ రెండు పూటలా నీళ్లు కొట్టి కడుగుతాం. అయినా తెల్లవారుజామున పాలు పిండడానికి లోపలికి వెళ్తే కళ్లు మండిపోతున్నాయి. మా నాన్నగారి కాలంలో మట్టి నేల, దాని మీద వరిగడ్డి. కడిగిందే లేదు. అప్పుడింత ఘాటు లేదు. ఎందుకంటారు?" అని పశ్చిమ గోదావరి నుంచి ఒక పాడి రైతు అడిగారు.

ఆ ఘాటు పేడది కాదు, నత్రజని ఉన్న అమోనియా అనే వాయువుది. 2019లో నెదర్లాండ్స్‌ని కుదిపేసింది కూడా ఈ వాయువే. ఆ ఏడాది మే నెలలో, నత్రజని కాలుష్యం విషయంలో ప్రభుత్వం అనుసరిస్తున్న అనుమతుల పద్ధతి చెల్లదని అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది. దాంతో డెయిరీల విస్తరణే కాదు, రోడ్లు, ఇళ్ల నిర్మాణాలూ ఆగిపోయాయి. అక్టోబరులో రైతులు వేల ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముట్టడించారు. పశువుల కొట్టాల నుంచి లేచిన అమోనియా గాలిలో వెళ్లి ఇసుక నేలల మీద వాలుతోంది. అక్కడి హీథర్ పొదలు బలం లేని నేలలో బతకడానికి అలవాటు పడినవి. నేలకు ఊరికే ఎరువు అందేసరికి గడ్డి ఏపుగా పెరిగి వాటిని మింగేస్తోంది.

ముందు చిన్న లెక్క. రోజుకు పది లీటర్ల పాలిచ్చే సంకరజాతి ఆవు పన్నెండు కిలోల దాకా ఎండు మేత, దాణా తింటుందనుకుందాం. అందులో ప్రొటీన్ 13 శాతం అనుకుంటే, ఆవు పొట్టలోకి వెళ్లే నత్రజని సుమారు 250 గ్రాములు. పాలలోకి వచ్చేది 50 గ్రాములు. అంటే ఐదింట ఒక వంతు. ఎంత బాగా మేపే దేశాల్లోనైనా ఇది మూడింట ఒక వంతు దాటడం కష్టం. మిగిలిన 200 గ్రాముల్లో సుమారు సగం పేడలోకి, సగం మూత్రంలోకి పోతుంది. పేడలోని నత్రజని చాలావరకు సేంద్రియ పదార్థంలో ఇరుక్కుని ఉంటుంది, నెమ్మదిగా విడుదలవుతుంది. మూత్రంలోది అలా కాదు. అందులో ఎక్కువ భాగం యూరియా. బస్తాల్లో కొని తెచ్చే యూరియా, ఇదీ ఒకటే అణువు. రోజుకు వంద గ్రాముల చొప్పున ఏడాదికి ఒక్క ఆవు మూత్రంలో పోయే నత్రజని, 45 కిలోల యూరియా బస్తాలు ఒకటిముప్పావులో ఉన్నంత!

అయితే యూరియాకు వాసన లేదు, అది ఆవిరవదు. కళ్లు మండించే శక్తి దానికి లేదు. మరి ఘాటు ఎక్కడిది? నన్ను ఎన్నాళ్లయినా వదలని ముచ్చట ఇక్కడుంది. యూరియా మూత్రంలో ఉంది. దాన్ని విరగ్గొట్టే యూరియేజ్ అనే ఎంజైము పేడలోని బాక్టీరియాలో ఉంది. ఆవు ఒంట్లోంచి ఈ రెండూ వేర్వేరు దారుల్లో బయటికొస్తాయి. కలిసేది నేల మీదే.

పాలు, తోడు గుర్తు తెచ్చుకోండి. కాచిన పాలు విడిగా ఉన్నంతసేపు పాలే. చెంచాడు తోడు పడిందా, గిన్నెడూ పెరుగే. అలాగే మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో విడిగా పడితే అందులో యూరియా కొన్ని రోజులైనా యూరియాగానే ఉంటుంది. దానికి కాస్త పేడ తగిలితే చాలు, కొన్ని గంటల్లో అమోనియాగా విరిగిపోతుంది. ఎంత తోడు వేశామన్నది పెరుక్కి పెద్ద పట్టింపు కాదు, ఇక్కడా అంతే: పిడికెడు పేడైనా గంపెడు పేడైనా పని జరిగిపోతుంది. వేసవిలో పెరుగు త్వరగా తోడుకున్నట్టే, ఎండాకాలం షెడ్డులో ఘాటు త్వరగా లేస్తుంది. అసలు సంగతి ఇంకొకటి. నిన్నటి పెరుగు గిన్నెను సరిగా తోమకుండా పాలు పోస్తే, తోడు వేయకపోయినా తోడుకుంటాయి కదా! మీ సిమెంటు నేల ఆ తోమని గిన్నె. నీళ్లు కొడితే పేడ పోతుంది కానీ, గరుకు నేల రంధ్రాల్లో, పగుళ్లలో బాక్టీరియా పొర అలాగే అంటుకుని ఉంటుంది. సాయంత్రం కడిగాక తెల్లారేదాకా పడే ప్రతి చుక్కనూ ఆ పొర తోడు పెడుతూనే ఉంటుంది. రాత్రి తలుపులు, పరదాలు మూసి ఉంటాయి కాబట్టి వాయువంతా లోపలే పోగవుతుంది.

పోలిక ఒక్కచోట తిరగబడుతుంది. పెరుగు పులుస్తుంది, అంటే ఆమ్లం వైపు వెళ్తుంది. యూరియా విరిగితే ద్రవం క్షారం వైపు వెళ్తుంది. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది: విద్యుదావేశమున్న అమ్మోనియం, ఆవేశం లేని అమోనియా. మొదటిది నీటిని వదలదు, రెండోది గాల్లోకి ఎగురుతుంది. ద్రవం ఆమ్లమో క్షారమో చెప్పే అంకె పీహెచ్; పెరిగేకొద్దీ క్షారం వైపు. అది 7 దగ్గర ఉంటే ఎగిరే రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే, మన వాతావరణంలో, మూడో వంతు దాటుతుంది. అంటే విరిగిన యూరియా తన వాయువు పారిపోవడానికి తానే తలుపు తీస్తుందన్నమాట. డెన్మార్క్‌లో కొన్ని డెయిరీలు పేడనీళ్లలో గంధకామ్లం కలిపి పీహెచ్‌ని 6 కంటే కిందికి దించేది ఇందుకే.

బడిలో నత్రజని వలయం బొమ్మ గీయించి, బాణాలు పెట్టించి మార్కులు వేస్తాం. ఏ బాణం ఎంత వేగమో ఎక్కడా చెప్పం. ఎంజైము లేకపోతే నీటిలో యూరియా సగం విరగడానికి దశాబ్దాలు పడుతుంది. యూరియేజ్ ఉంటే గంటలు చాలు. స్ఫటికంగా వేరుచేసిన మొట్టమొదటి ఎంజైము కూడా ఇదే. 1926లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ దీన్ని జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల నుంచి తీశాడు. పదిహేడో ఏట వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయినవాడు, ఒంటి చేత్తో ప్రయోగాలు చేసి ఎంజైములంటే ప్రొటీన్లేనని చూపించాడు. పెద్దలు చాలామంది నమ్మలేదు. 1946లో నోబెల్ వచ్చింది. పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

ఇక నాన్నగారి మట్టి నేల సంగతి. గడ్డి మూత్రాన్ని పీల్చుకునేది, బంకమన్ను అమ్మోనియం రూపాన్ని పట్టి ఉంచేది. అందుకే ఘాటు తక్కువ. కానీ నత్రజని మాయమైపోలేదు. నేలలోని బాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మార్చేవి. బీహారులో నూనియా కులస్తులు పశువుల కొట్టాల దగ్గరి మట్టిని నీళ్లలో కరిగించి, కాచి సూరేకారం తీసింది ఈ నైట్రేట్ నుంచే. ఈస్టిండియా కంపెనీ తుపాకి మందుకు అదే ముడిసరుకు. కొట్టం పక్కనే బావి ఉంటే మాత్రం నైట్రేట్ అందులోకి దిగుతుంది. దానికి రంగూ రుచీ లేవు. కాచినా పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. పోతపాలు తాగే పసిబిడ్డలకు అది మించితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారవచ్చు. పెంటదిబ్బకు దగ్గరగా బోరు ఉన్నవాళ్లు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

పంచితం, అంటే ఆవు మూత్రం, తాగితే రోగాలు పోతాయనే నమ్మకం గురించీ చాలామంది అడుగుతుంటారు. మూత్రపిండాలు కష్టపడి బయటికి పంపిన యూరియాను మనం మళ్లీ లోపలికి పంపుకోవడం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. దాని విలువ పంటకు. పొటాష్ కూడా చాలావరకు మూత్రంలోనే పోతుంది, భాస్వరం పేడలో. గోబర్ గ్యాస్ పెడితే అన్నీ సర్దుకుంటాయనీ అనుకుంటారు. గ్యాసుగా పోయేది కార్బన్. నత్రజని దాదాపు మొత్తం స్లర్రీలోనే, అంటే గ్యాసు పోయాక మిగిలే పేడనీళ్లలోనే ఉంటుంది, పైగా అమ్మోనియం రూపంలో ఎక్కువవుతుంది. దాన్ని ఎండలో ఆరబెడితే గాలికి దానం చేసినట్టే.

మరి ఏం చేయాలి? పాలను, తోడును కలవనీయకూడదు. నేలకు కొద్దిగా వాలు ఇచ్చి, పశువు వెనక కాలువ తీసి, మూత్రం వెంటనే మూతున్న గుంటలోకి దిగేలా చూడండి. పేడను ముందు పారతో ఎత్తేసి, ఆ తర్వాతే తక్కువ నీళ్లతో కడగండి. పడుకునే చోట వరిగడ్డి పరవండి. గుంటలోదాన్ని నీళ్లు కలిపి సాయంత్రం పూట చేలో పోసి, వెంటనే మట్టి కప్పండి. ఘాటు పోవడానికి తడి నేల మీద బ్లీచింగ్ పౌడర్ మాత్రం చల్లవద్దు. అమోనియాతో కలిసి అది క్లోరమైన్ వాయువులు పుట్టిస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఈ వేరుచేసే పనిని పశువుకే నేర్పవచ్చా? జర్మనీలో పరిశోధకులు 16 దూడలకు ఒకే చోట మూత్రం పోయడం నేర్పడానికి ప్రయత్నించారు. సరైన చోట పోస్తే తీపి నీళ్లు, లేకపోతే ఒంటి మీద చల్లటి నీళ్లు. రోజుల వ్యవధిలోనే 11 దూడలు నేర్చేసుకున్నాయి. 2021లో ఆ వ్యాసం చదివి నేను ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను!

కానీ అన్నిటికంటే చవకైన మార్గం దాణాలో ఉంది. పాలు పెరుగుతాయని పత్తి చెక్క, వేరుశనగ చెక్క ఎడాపెడా పెడుతుంటాం. ఆవు మొదటి పొట్టలో బాక్టీరియా ఆ ప్రొటీన్‌ని అమోనియాగా విరిచి, తమ ఒంటిని కట్టుకుంటాయి. దానికి వాటికి పిండిపదార్థం కావాలి, అంటే మొక్కజొన్న, నూకలు. అది చాలకపోతే మిగిలిన అమోనియా రక్తంలోకి వెళ్తుంది, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో పడుతుంది. డబ్బు పెట్టి కొన్న చెక్క, నేల మీద ఘాటుగా తేలుతుంది.

రక్తంలోని యూరియా పాలలోకీ కొంత దిగుతుంది కాబట్టి, పాలను పరీక్షిస్తే మేత తూకం తెలిసిపోతుంది. యూరప్, అమెరికాల్లో చాలామంది రైతులకు ఈ అంకె పాల రిపోర్టులోనే వస్తుంది. మన దగ్గర పాల సేకరణ కేంద్రంలో చీటీ మీద వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) వేస్తారు. పెద్ద డెయిరీలు యూరియా కూడా కొలుస్తాయి, కాకపోతే కల్తీ పట్టుకోవడానికి. ఆ అంకెను కూడా చీటీ మీద వేసి, ఎక్కువైతే చెక్క తగ్గించమని కేంద్రంలోనే చెబితే రైతుకు దాణా ఖర్చు మిగులుతుంది. మీ కేంద్రంలో అడిగి చూడండి.