హెడ్డు తళతళలాడితే చాలదు: గ్యాస్కెట్ మార్చే ముందు అపోహలు - వాస్తవాలు

మాది మదనపల్లె. బెంగళూరులో యశవంతపురం దగ్గర షెడ్డులో 18 ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. పనిలో చేరిన కుర్రాళ్లకు హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం, దించడం నెలలోనే వచ్చేస్తుంది. దానికీ కింది ఇంజన్ బ్లాకుకూ మధ్య సందు మూసే పొర గ్యాస్కెట్; అది ఆనే ముఖం మీది పాత అంటు తీసి శుభ్రం చేయడం నేర్పడానికే ఏడాది పడుతుంది.

అపోహ: గ్రైండరుకు రాపిడి డిస్కు తగిలించి రెండు నిమిషాలు తిప్పితే పనైపోతుంది.

వాస్తవం: నేను చూసినంతలో మంచి ఇంజన్ల కొంప ముంచింది ఇదే. ఆ డిస్కుల్లో ఎక్కువగా ఉండేది అల్యూమినియం ఆక్సైడ్. పేరు చూసి మెత్తనిదనుకోకండి, పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు షాఫ్టు, దాని ఉక్కుకన్నా గట్టిది. డిస్కు అరిగేకొద్దీ ఆ పొడి ఆయిల్ దారుల్లోకి జారుతుంది. గాలి కొట్టినా మూలల్లోది రాదు. సన్నటిది ఫిల్టరునూ దాటిపోయి, క్రాంకు ఆని తిరిగే బేరింగు మెత్తటి పూతలో గుచ్చుకుని క్రాంకును గీస్తూ ఉంటుంది. ఇంజను గ్యాస్కెట్ ముఖాల మీద ఈ డిస్కులు వాడొద్దని జనరల్ మోటార్స్ సర్వీస్ బులెటినే ఇచ్చింది.

మొదట్లో నేనూ వాడాను. అలా చేసి పంపిన కారు మూడు వారాలకు అడుగు నుంచి టకటకమంటూ తిరిగొచ్చింది. ఆయిల్ పాన్ దించి బేరింగు తీస్తే, వెండిలా నున్నగా ఉండాల్సిన చోట బూడిదరంగు చుక్కలు. గోరు పెట్టి లాగితే ప్రతి గీతకూ ఆగింది. ఓనరు పెనుకొండ నుంచి వచ్చి టాక్సీ నడుపుకుంటున్నాయన. క్రాంకు, బేరింగుల ఖర్చు నేనే పెట్టుకున్నాను గానీ, ఆయన పోగొట్టుకున్న పది రోజుల కిరాయి ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి మా షెడ్డులో ఆ డిస్కు లేదు.

ఇంకో నష్టం ఉంది. అల్యూమినియం మెత్తన కాబట్టి డిస్కు ఒకచోట క్షణం ఎక్కువసేపు నిలిచినా గుంట పడుతుంది, కంటికి కనిపించదు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) ఆనించి, కింది సందులో ఫీలర్ గేజు (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూడాలి. చాలా హెడ్లకు ఆ సందు హద్దు 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్యే, మీ బండి మాన్యువల్ చెప్పిందే లెక్క. పాత ఫైబర్ గ్యాస్కెట్ ఓర్చుకున్న గీతను ఇప్పటి స్టీలు పొరల గ్యాస్కెట్ ఓర్చుకోదు. బెంగళూరులో స్పేర్ పార్టులు అమ్మే జె.సి. రోడ్డులో గ్యాస్కెట్ కొనేటప్పుడే ఏ రకమో అడిగి తెలుసుకోండి.

మరి ఎలా చేయాలి? ముందు సిలిండర్లలో, ఆయిల్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. గ్యాస్కెట్ రిమూవర్ కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. ప్లాస్టిక్ స్క్రేపరును పడుకోబెట్టి తోయండి. మొండికేస్తే ఇంకోసారి మందు కొట్టండి, బలం చూపొద్దు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాతకాలం బండైతే గ్యాస్కెట్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపే గీకండి, పొడిగా అసలొద్దు.

అపోహ: కాస్టిక్ సోడా నీళ్లలో ముంచితే మసంతా ఊడిపోతుంది.

వాస్తవం: మసితో పాటు హెడ్డూ పోతుంది. ఆ నురగ అల్యూమినియం కరగడం వల్ల వచ్చేది. అందులోంచి లేచేది హైడ్రోజన్, నిప్పురవ్వ చాలు. పెట్రోలుతో కడగడమూ మానండి.

అపోహ: ముఖం మీద గీత పడితే సందు మూసే సీలెంట్ పేస్టు పూస్తే సరి.

వాస్తవం: కంపెనీ చూపిన చోట తప్ప హెడ్ గ్యాస్కెట్‌కు ఏమీ పూయకూడదు. లోపలికి పిండుకున్న పేస్టు ఊడి ఆయిల్ స్ట్రెయినరుకు (ఆయిల్ పీల్చే చోటి జల్లెడకు) అడ్డం పడుతుంది.

చాలామంది మరిచేది బ్లాకులో హెడ్డు బోల్టులు దిగే రంధ్రాలు. అడుగున ఆయిలో కూలెంటో నిలిచి ఉంటే బోల్టు కింద అది నలగదు. బిగింపు కొలిచే టార్క్ రెంచి టిక్కుమంటుంది, హెడ్డు మాత్రం బిగియదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. రంధ్రం మీద గుడ్డ కప్పి గాలి కొట్టి, టార్చి వేసి అడుగు చూడండి. చివరి తుడుపుకు బనియన్ వేస్టు వద్దు, పోగులు రాలుతాయి. పోగులు రాలని తెల్లగుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా తుడవండి. తర్వాత ఆ ముఖాన్ని చేత్తో ముట్టుకోకుండా గ్యాస్కెట్ పెట్టేయండి.